కానుక - సౌకర్యము

కానుక యనగా నేమి? వస్తువా, వస్తువు వెలయా, లేక దాని వెంట వచ్చు మనస్సా? ప్రశ్న పాతదే. నేడది క్రొత్త రూపమున గృహస్థుల ముందు నిలిచినది.

దీపావళికిని, సంక్రాంతికిని బంధువులకు వస్త్రములు, పిండివంటలు పంపుట ఆచారము. ఇప్పుడు అనేకులు వానికి మారుగా ఎలక్ట్రానిక్ గిఫ్ట్ కార్డును పంపుచున్నారు. పంపువారు ఫోనులో కొంత మొత్తము చెల్లింతురు. అందుకొనువారికి సందేశరూపమున ఒక రహస్య సంకేతము చేరును. దానితో వారు తమకు వలసినది కొనుక్కొందురు. బ్యాంకులు మున్నగు సంస్థలు జారీచేయు ఇట్టి కార్డు విలువ 10,000 రూపాయలకు మించరాదనియు, దానిని నగదుగా మార్చుకొన వీలులేదనియు భారత రిజర్వు బ్యాంకు 2021 నాటి నిబంధనలలో పేర్కొన్నది. అనగా అది ధనమువలె కనిపించును గాని ధనము కాదు. కానుకవలె చేరును గాని ఇంకను వస్తువు కాలేదు.

ఇది దోషమా? తొందరపడి నిందింపరాదు. దూరదేశమున చదువుకొను మనుమనికి ఏ పుస్తకము కావలెనో తాతగారికి తెలియకపోవచ్చును. ఒకరింట పెట్టిన రవికెగుడ్డ విప్పకుండగనే మరియొక యింటికి, అచటినుండి ఇంకొక యింటికి సాగిపోవుట అందరెరిగినదే. వలసినది ఎన్నుకొను స్వేచ్ఛను ఎదుటివారికి ఇచ్చుటయు ఒక ఆదరమే.

ఐనను ఇందొక సూక్ష్మమున్నది. కార్డుపై ముందుగా కనిపించునది వెల. బంధుమిత్రుల కానుక శాస్త్రోక్తమైన దానము కాకపోవచ్చును; కాని ప్రత్యుపకారము నాశించి యిచ్చునది రాజసమని గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు చేసిన హెచ్చరిక ఇచటను వర్తించును. వేయి రూపాయల కార్డు నందుకొన్నవాడు మరుసటి పండుగకు వేయి రూపాయల కార్డునే తిరిగి పంపినచో లెక్క సరిపోవును. లెక్క సరిపోయిన చోట ఇచ్చినవారెవరు? పుచ్చుకొన్నవారెవరు?

భాగవత దశమస్కంధమున కుచేలుని వృత్తాంతము ఆస్తికులకు సుపరిచితము. ఇల్లాలు ఇరుగుపొరుగున యాచించి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులను గుడ్డముక్కలో మూటగట్టుకొని ఆ పేదవిప్రుడు ద్వారకకు వెళ్లెను. లక్ష్మీపతికి కొరత యేమి? ఐనను తనకేమి తెచ్చితివని స్వామియే అడిగెను. సిగ్గుతో తలవంచిన మిత్రుని మూటను తానే లాగికొని, పిడికెడు అటుకులు ప్రీతితో ఆరగించెను. ఆ మూటకు అంగడిలో వెల లేదు. ఒక పేదకుటుంబము తనను తలచుకొన్నదన్న గురుతు మాత్రము అందున్నది. స్వామి రుచిచూచినది దానినే.

కావున కార్డు పంపుట తప్పు కాదు. పంపితిమి, పని తీరినదనుకొనుట తప్పు. పంపుటకు ముందు గృహస్థుడు తన్ను తాను ఒక ప్రశ్న అడుగుకొనవలెను: ఈ సౌకర్యము ఎవరిది? అందుకొనువారిదైనచో అది ప్రేమ. తన శ్రమను, తలపును తప్పించుకొనుటకైనచో అది కానుక పేరిట చెల్లించిన సుంకము. కార్డుతోపాటు స్వహస్తముతో వ్రాసిన నాలుగు మాటలు పంపవచ్చును. పండుగనాడు యోగక్షేమములు విచారింపవచ్చును. అందుకొన్నవారును దానితో ఏమి కొనిరో తెలిపినచో పెద్దల మనస్సు నిండును.

ఆకైనను, నీరైనను భక్తితో నర్పించిన స్వీకరింతునని పలికిన పరమాత్మ వస్తువును మాత్రము చూచునా? వస్తువును అందించు హస్తమును, ఆ హస్తమును కదలించిన హృదయమును చూచును. తోటివారికి ఇచ్చునపుడును ఆ హృదయము ఉన్నచో, సంకేతాక్షరములు సైతము అటుకులే యగును.