మొక్కినంక

‘భారం దేవుడి మీద వెయ్యి, అన్నీ ఆయనే చూసుకుంటాడు’ అన్న మాట నాకు ఎప్పుడూ గొంతు దిగదు. మోయలేనిది తీసి ఇంకొకరి నెత్తిన పెడితే మనిషి ఎట్లా ఎదుగుతాడు? భయం తగ్గుతుందేమో, బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఇట్లా వాదించుకుంటూ పోతే మా అమ్మ అడ్డం వస్తుంది.

మా నాయిన దుబాయ్‌లో కల్లివెల్లి, అంటే కాగితాలు లేని కూలీ, అయిన రోజులవి. కంపెనీ వదిలేశాడు, పాస్‌పోర్టు చేతిలో లేదు, పైసలు రావడం ఆగిపోయి చాలా కాలమైంది. జగిత్యాల దగ్గరి మా ఊళ్లో అమ్మ బీడీలు చేసేది. పొద్దంతా ఒళ్లో చాట, చాటలో తంబాకు, ఆదిలాబాద్ అడవుల తునికాకు. బస్సు మీద ఊరి పేరు చదవరాదు. కార్ఖాన ముందు మగవాళ్లు నిలబడి ఉంటే లోపలికి పోక గోడ పక్కన ఆగేది. ఒకనాడు వేములవాడ రాజన్న పటం ముందు నిలబడి, “రాజన్నా, ఆయన ఇల్లు జేరితె నీకు కోడె గడ్త” అని మొక్కింది. ఆ వారమే ఒక్కతే కరీంనగర్ బస్సెక్కింది. కనబడ్డవాళ్లనల్లా అడుగుతూ కలెక్టరేట్‌కు పోయి అర్జీల వరుసలో నిలబడింది. సెలవు మీద వచ్చిన దుబాయ్‌వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ పక్క ఊళ్లకు నడిచింది. “భయం గాలేదానే?” అని అమ్మమ్మ అడిగితే, “రాజన్నకు జెప్పిన గద” అన్నది.

2007లో ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. వీసా గడువు దాటినవాళ్లు జరిమానా లేకుండా దేశం విడిచిపోవచ్చన్నది. అట్లా వచ్చినవాళ్లలో నాయినా ఉన్నాడు. అమ్మ వేములవాడ పోయి, ధర్మగుండంలో మునిగి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేసింది.

నాయినను తెచ్చింది రాజన్నా, క్షమాభిక్షా అన్న తగువు నాకు అక్కర్లేదు. అర్జీతో ఏ పనీ కాలేదు. కాని అర్జీ పట్టుకుని పోయిన మనిషి మళ్లీ ఎన్నడూ గోడ పక్కన ఆగలేదు. నన్ను తొలిచేది అదే. అవసరమే ఆమెను నడిపిందని చాలా కాలం అనుకున్నాను. అవసరం అంతకు ముందూ ఉంది, కాళ్లు మాత్రం మొక్కినంకనే కదిలాయి.

సరే, నమ్మకమే అందామంటే మా వాడకట్టులోనే ఇంకొకామె ఉంది. ఆమె కూడా కోడె మొక్కింది. ఆమె భర్త పెట్టెలో వచ్చాడు. మరుసటి ఏడు ఆమె వేములవాడ పోయి కోడె కట్టి వచ్చింది. నాకు ఆ దేవుడి మీద కోపం ముంచుకొచ్చింది. ఎందుకు కట్టినవని అడిగితే, “మొక్కిన గద బిడ్డా” అన్నది. ఇద్దరిలో ఎవరూ భారం దింపుకోలేదు. మాట ఇచ్చి, ఉన్న బరువు మీద ఇంకో బరువు ఎత్తుకున్నారు.

మాట మనిషికి ఇవ్వరాదా, దేవుడే ఎందుకు? కొందరికి మొక్కులోనూ మనుషుల తోడుంటుంది. పుష్య అమావాస్య జాతరకు ముందు ఆదిలాబాద్ గోండుల్లో మెస్రం వంశంవాళ్లు కేస్లాపూర్ నాగోబా కోసం గోదావరి నీళ్లు తేవడానికి జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడుస్తారు. కొత్త కోడలు కూడా భేటింగ్ అనే పరిచయ వేడుకలో నాగోబా ముందు నిలబడ్డాకే వంశంలో మనిషి. అక్కడ అలిసినవాడిని పక్కవాడి నడక లాక్కుపోతుంది. అమ్మకు అట్లాంటి వరుస లేదు. అప్పులవాళ్లు వాకిట్లో ఉన్నారు, ఏజెంటు ఫోన్ ఎత్తడు, చుట్టాలు చూద్దాంలే అన్నారు. ఆమె మాటను ఒక మాటగా తీసుకుంటాడని ఆమె నమ్మింది రాజన్న ఒక్కడినే.

అట్లా పట్టించుకునే మనిషి ఒక్కడు ఊళ్లో ఉంటే ఆమె మొక్కేది కాదేమో. ఇది తట్టినప్పుడల్లా దేవుడి కన్నా మా ఊరి మీద ఎక్కువ బాధ కలుగుతుంది. అమ్మతో అంటే ఒప్పుకోదు. “మనుషులున్నా మొక్కేదాన్నే” అంటుంది.