నాకు మజ్జిగే ఇష్టం!

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ నోట రోజూ వినబడే మాట ఒకటుంది. గిన్నెలోని గడ్డపెరుగు అందరికీ వడ్డించాక, అడుగున మిగిలినదాంట్లో గ్లాసెడు నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి, చేత్తో గిలకొట్టుకుంటూ అనే మాట. "నాకు మజ్జిగే ఇష్టం!" మీరూ అనే ఉంటారు. మీ అమ్మగారు అంటూండగా వినే ఉంటారు. అది నిజమా, అబద్ధమా, లేక రెండూ కాని మూడోదా? ఈమధ్య నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఇది. పెరుగు మీద తత్త్వవిచారమేమిటని నవ్వకండి. మనలాంటి వాళ్ళకు తత్త్వం బోధపడితే వంటింట్లోనే బోధపడాలి గాని, హిమాలయాలకు వెళ్ళే తీరిక ఎవరికుంది చెప్పండి!

ఈ ప్రశ్న నా నెత్తిన పెట్టింది మా అమ్మాయి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. మా బంగారుపాళ్యం చిత్తూరుకీ పలమనేరుకీ నడుమ, చెన్నై నుంచి బెంగుళూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉంది. మామిడికాయల కాలంలో మార్కెట్టు యార్డు దగ్గర తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ కాలం దాటితే చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ళకు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది పాల వల్లనే. అటువంటి ఊరికి మా పిల్ల పెరుగు కొనుక్కుని వచ్చింది! అదీ అరచేతిలో ఇమిడే చిన్న చిన్న డబ్బాల్లో. మూత మీద 'గ్రీక్ యోగర్ట్' అని ఉంది.

"అమ్మా, చెంచా గుచ్చితే నిలబడుతుంది చూడు" అంది. నిజంగానే నిలబడింది. మా అత్తగారు వచ్చి కాస్త నాలిక మీద వేసుకుని, "ఇదేం వింత? గుడ్డలో మూటగట్టి కొక్కేనికి యాలాడేసిన పెరుగు!" అని ఒక్క మాటలో తేల్చిపారేశారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. గ్రీసులో దాన్ని 'వడకట్టినది' అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. టర్కీలోనూ అంతే. అరబ్బు దేశాల్లో కాస్త ఉప్పు చేర్చి లబ్నే అంటారు. మహారాష్ట్రలో చక్కా అంటారు. అందులో పంచదారా, యాలకులూ కలిపితే శ్రీఖండ్. వస్తువు ఒక్కటే, ఊరూరా పేర్లే వేరు. ఆ పేరు కోసం లండనులో పెద్ద దావాయే నడిచింది. ఒక పక్క గ్రీసు దేశపు ఫాయే కంపెనీ. మరో పక్క టర్కీ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన ఒకాయన 2005లో స్థాపించిన చోబానీ కంపెనీ. అమెరికాలో తయారైనదాన్ని బ్రిటన్‌లో 'గ్రీక్ యోగర్ట్' అని అమ్మకూడదని 2013లో తీర్పు వచ్చింది. 2014లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? 2023 మార్చిలో పెరుగు ప్యాకెట్ల మీద 'దహీ' అని వెయ్యాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ అంటే దక్షిణాది ఊరుకోలేదు. నెలాఖరుకల్లా తయిర్ అనో, మొసరు అనో, పెరుగు అనో ఎవరి మాట వాళ్ళు వేసుకోవచ్చని ఆ సంస్థే సర్దుకుంది.

పేరు కోసం ఇంత పోరాడిన లోకం, ఆ గిన్నెలోది ఎవరి కంచంలో ఎంత పడుతుందన్న సంగతి మీద ఒక్క దావా అయినా వెయ్యలేదు, చూశారూ! అన్నట్టు, ఫాయే అంటే గ్రీకు భాషలో 'తిను' అని అర్థం. మన అమ్మలు ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటారో లెక్కే లేదు. 'నేను తింటాను' అన్న మాట ఎన్నిసార్లు అంటారో లెక్కపెట్టడానికి మాత్రం ఒక చేతి వేళ్ళు చాలు.

డబ్బాలు అయిపోయాక మా అమ్మాయి నేను తోడువేసిన పెరుగునే పల్చటి నూలుగుడ్డలో మూటగట్టి, జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టింది. బయట వేలాడదీస్తే మా ఎండలకు పులిసిపోతుందట. నాలుగైదు గంటలకు దాదాపు సగం తేటగా దిగిపోయింది. మిగిలిన గట్టి పెరుగుతో గుడ్డు లేని కేకు చేసింది. పెరుగులోని పులుపు వంటసోడాకు తగలగానే బుసబుసమని పొంగింది. ఆ బుడగలే పిండిని గుల్లగా లేపుతాయి. మర్నాడు బంగాళాదుంప కూరలో అదే పెరుగు కలపబోతే అత్తగారు గబగబా వచ్చి మంట తగ్గించారు. మసిలే కూరలో ఉత్త పెరుగు పోస్తే విరిగిపోతుంది. చెంచాడు శెనగపిండి కలిపి గిలకొట్టి పోస్తే విరగదు. మన మజ్జిగపులుసులో నానబెట్టిన శెనగపప్పూ బియ్యమూ రుబ్బి కలిపేది రుచి కోసమే కాదు, ఇందుకు కూడా. బెంగుళూరు చదువూ, బంగారుపాళ్యం అనుభవమూ ఆ పూట ఒకే పొయ్యి దగ్గర రాజీపడ్డాయి.

అప్పుడే మా పిల్ల కింది గిన్నె ఎత్తి పట్టుకుని, "అమ్మా, ఈ నీళ్ళు పారబోసేదా?" అని అడిగింది.

పచ్చగా, తేటగా ఉన్న ఆ నీళ్ళను చూస్తూ ఉండిపోయాను. పెరుగు గట్టిపడిందంటే దానికి కొత్తగా ఏదో వచ్చి చేరిందని కాదు. దాంట్లోంచి ఏదో పోయిందన్నమాట. కార్ఖానాల్లో కిలో గ్రీక్ యోగర్ట్ తయారవ్వాలంటే మూడు నాలుగు లీటర్ల పాలు కావాలి. తక్కినదంతా తేటే. మాంసకృత్తులు చాలావరకు గట్టి పెరుగులోనే ఉండిపోతాయి. పాలచక్కెరలో పెద్ద భాగమూ, సున్నపు పోషకం కొంతా తేటతో వెళ్ళిపోతాయి. ఆ తేటను వాగుల్లోకి వదిలితే నీళ్ళలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చిపోతాయి. అందుకని అమెరికాలో దాన్ని పశువుల దాణాలోకీ, పొలాలకు ఎరువుగానూ పంపిస్తారు. కొన్నిచోట్ల దాంతో గ్యాసు కూడా తీస్తారు. మా అత్తగారికి ఆ బాధేమీ లేదు. "ఇట్లా తే!" అని లాక్కుని ఆ తేటతోనే చపాతీల పిండి కలిపేశారు. చపాతీలు దూదిలా వచ్చాయి.

ఆ కింది గిన్నెను చూస్తుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు అక్క. మా ఊరికి దగ్గర్లోనే ఒక పల్లెలో ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ రెండు పాడి ఆవులు. తెల్లారకముందే లేచి పాలు పితికి, క్యాను పట్టుకుని పాలకేంద్రానికి నడిచేది. వెన్నశాతం చూసి రేటు కట్టేవాళ్ళు. చిత్తూరు సహకార డైరీ 2002లో మూతపడింది. తర్వాత కేంద్రాల పేర్లు మారాయి గాని, క్యాన్లు పట్టుకుని నిలబడే ఆడవాళ్ళ వరుస మారలేదు. అమ్మగా ఇంట్లో మిగిలిన పాలు తోడుపెడితే, ఆ గడ్డపెరుగు మొదట పెదనాన్నకు, తర్వాత కొడుకులకు, ఆ తర్వాత కూతుళ్ళకు. అందరూ లేచాక పెద్దమ్మ సట్టిలో చెంబెడు నీళ్ళు పోసి, గోడలకు అంటుకున్నది చేత్తో తొలిచి, దాన్నే సంగట్లోకి పోసుకునేది. ఎవరైనా చూసి ఏమైనా అనబోతే, "నాకు మజ్జిగే ఇష్టంలే" అనేది. ఆ ఇంట్లో పాలు పితికేది ఆమె, పోసేది ఆమె, తోడువేసేది ఆమె. పైగుడ్డలో గట్టిది అందరికీ, కింది గిన్నెలో దిగింది ఆమెకు.

దీన్ని మనం త్యాగం అంటాం. కథల్లో రాసుకుంటాం. నేనూ నవలల్లో అటువంటి అమ్మలను తీర్చిదిద్దినదాన్నే. కానీ నాకో సందేహం. నాది అయినదాన్ని నేను ఇంకొకరికి ఇస్తే అది దానం. ఎన్నడూ నాది కానిదాన్ని నేనెట్లా దానం చేస్తాను? పెద్దమ్మ కంచంలోకి గడ్డపెరుగు రానేలేదు. రానిదాన్ని వద్దనడం త్యాగమెట్లా అవుతుంది?

'ఆమెకు బాధ లేదు గదా, ఎప్పుడైనా ఫిర్యాదు చేసిందా?' అంటారు కొందరు. ఇక్కడ అమర్త్య సేన్ గారు ఎత్తిచూపిన ఒక పాత లెక్క చెప్పాలి. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి సంవత్సరం, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్య సర్వే ఒకటి జరిగింది. భార్యలు పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. భర్తలు పోయిన ఆడవాళ్ళలో అట్లా చెప్పినవాళ్ళు 2.5 శాతం! ఆ కాలపు బెంగాల్లో విధవల బతుకు విధురుల బతుకు కంటే అంత హాయిగా ఉండేదని నమ్మేవాళ్ళెవరైనా ఉన్నారా? దొరకనిదాన్ని కోరుకోవడం మానేయడమే మనసు నేర్చుకునే మొదటి పాఠం. కోరిక మానుకున్న మనిషి ఫిర్యాదు చెయ్యదు. ఫిర్యాదు లేదు కాబట్టి లోటూ లేదని పక్కవాళ్ళు నిశ్చింతగా భోంచేస్తారు.

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. ఆ వారంలోనే పెద్దమ్మను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక గిన్నెలో గట్టి పెరుగూ, ఒక గ్లాసులో మజ్జిగా ఆమె ముందు పెట్టి, "పెద్దవ్వా, నీకేది ఇష్టమో అది తీసుకో" అంది. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. కొడుకులు వేరే ఊళ్ళలో ఉన్నారు. వాటా అడిగేవాళ్ళు ఎవరూ లేరు. పెద్దమ్మ రెండింటి వంకా చూసి, మా వంక చూసి, "ఏమోమ్మా... నాకేది ఇష్టమో నన్నెవురు అడిగినారు? నేనూ అడుక్కోలా" అంది. చివరకు చెంచాడు గట్టి పెరుగు నోట్లో వేసుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత గిన్నెను మా పిల్లవైపు జరిపి, "నువ్వు తినుమే, చిక్కిపోయినావు" అంది. అరవై ఏళ్ళ అలవాటు ఒక్క చెంచాతో పోతుందా!

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే మా అత్తగారికి కోపం వచ్చింది. "ఆయమ్మ సంగతి నాకు తెలీదు గానీ, నా మజ్జిగ మీద మాత్రం ఎవురూ జాలిపడాల్సిన పన్లేదు. ఎండాకాలం సంగట్లోకి చల్లగా మజ్జిగ పోసుకుని ఊరిబిండి నంచుకుంటే ఉండే రుచి మీ డబ్బాల్లో యాడుండాది?" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు పుట్టింట్లో ఎవరికి కావలసినంత పెరుగు వాళ్ళు వేసుకునేవారట. కావాలంటే వేసుకుని, వద్దంటే మానుకున్న మనిషి. ఆవిడ 'ఇష్టం' నిఖార్సయిన ఇష్టమే. దాన్ని కూడా అన్యాయం కింద జమకట్టి జాలిపడితే, అదొక రకం అవమానం.

మరి ఇద్దరి నోటా వచ్చింది ఒకటే మాట అయినప్పుడు, ఏది ఇష్టమో ఏది అలవాటో పైవాళ్ళం ఎట్లా తెలుసుకోవాలి? మాటను బట్టి తెలియదు. మొహాన్ని బట్టి అసలే తెలియదు. నాకు తోచిన పరీక్ష ఒకటే. ఆమె 'కావాలి' అంటే ఆ ఇంట్లో ఎవరి కనుబొమలైనా పైకి లేస్తాయా? లేవకపోతే 'వద్దు' అన్న మాటకు విలువ ఉంది. లేస్తే ఆ 'వద్దు' ఆమెది కాదు, ఆ ఇంటిది. బిడ్డకు జ్వరం తగ్గి పథ్యం పెట్టే రోజున తన వంతు పెరుగు బిడ్డకు వేసే తల్లిది త్యాగమే. ఆ రోజు ఆమెకొక వంతు ఉంది, దాన్ని ఇచ్చింది. ఏ రోజూ వంతే లేని తల్లి గురించి మనం రాయవలసింది పొగడ్త కాదు, లెక్క.

ఉపన్యాసాలు చెప్పి ఊరుకుంటే ఏం లాభమని మా ఇంట్లో ఒక చిన్న ఏర్పాటు చేశాను. పెరుగు గిన్నె నా చేతిలో కాకుండా బల్ల మధ్యన ఉంటుంది. రోజుకొకరు ముందుగా వేసుకోవాలి. నిన్న ముందు వేసుకున్నవాళ్ళు ఇవాళ చివర. నాలుగో రోజున చివరి వంతు మావారికి వచ్చింది. గిన్నె వంచి చూశారు. అడుగున రెండు చెంచాలు కూడా లేదు. ఎవరినీ ఏమీ అనలేదు. గ్లాసెడు నీళ్ళు పోసుకుని, ఉప్పు వేసుకుని, మజ్జిగ చేసుకుని తాగేసి లేచారు.

మర్నాటి సాయంత్రం నుంచి మా ఇంటికి అరలీటరు పాలు ఎక్కువ వస్తున్నాయి.