మోయాల్సిన గొంతు

కేబుల్ తీగ ఆపరేటర్ సొత్తే. అందులో ఎవరి మాట పారాలన్నదీ అతని ఇష్టమేనా అన్నది ధర్మసందేహం. మన 1995 నాటి కేబుల్ చట్టం 8వ సెక్షన్ దూరదర్శన్‌ను తప్పనిసరి చేసింది. ప్రైవేటు స్థానిక ఛానళ్లకు ఆ హామీ లేదు. అమెరికా 1992 కేబుల్ చట్టం స్థానిక టీవీ స్టేషన్లకు చోటిచ్చి, తక్కువ శక్తి గల స్టేషన్లకు సవాలక్ష షరతులు పెట్టింది. 1997లో అక్కడి సుప్రీంకోర్టు స్థానిక స్టేషన్ల నియమాన్ని 5-4తో నిలబెట్టింది. ఆ నియమం స్వేచ్ఛకు భంగమన్న నలుగురు న్యాయమూర్తుల అభ్యంతరం తేలికైనదేమీ కాదు.

అయితే వినేవాడి అవసరం మరింత బరువైనది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. అలాంటప్పుడు నీళ్ల ట్యాంకరు ఏ వీధికొస్తుందో, పరిహారం జాబితా ఎక్కడ అంటించారో రాజధాని ఛానల్ చెప్పదు, స్థానిక ఛానలే చెప్పాలి. అయితే కరెంటు స్తంభాలే పడిపోతే కేబులూ పనిచేయదు. అప్పుడీ వాదం రేడియోకే వర్తిస్తుంది.