నోటీసు ఇచ్చాం గదా!

వానాకాలం మొదట్లో పేపర్ పని మీద పాతబస్తీలో ఒక గల్లీకి వెళ్ళాం. ఒక ఇంటి గుమ్మంలో అరవై దాటిన ఖాలా ఒకామె మమ్మల్ని ఆపింది. ఓఢ్నీ కొసన ముడేసుకున్న కాగితం విప్పి చేతికిచ్చి, "బేటా, జరా పఢ్‌కే బోలో, క్యా లిఖే ఇస్మేఁ" అంది. అది నోటీసు. అచ్చేసిన ఇంగ్లీషు ఫారం, మధ్యమధ్య ఖాళీల్లో తెలుగు చేతిరాత. ఆమె ఉర్దూ చదువుతుంది. ఖురాన్ చదువుతుంది. ఈ రెండూ రావు. మాకు వచ్చు కనక చదివి ఆమె భాషలో చెప్పాం. మీ ఇల్లు శిథిలావస్థలో ఉంది, ఎప్పుడైనా కూలొచ్చు, వెంటనే ఖాళీ చెయ్యాలి, చెయ్యకపోతే జరిగే ప్రాణనష్టానికి మీదే బాధ్యత.

ఆమె అంతా విని, "ఠీక్ హై. కాఁ జానా బోల్‌కే లిఖే?" అని అడిగింది. ఎక్కడికి పోవాలో రాశారా అని. మేం కాగితం వెనక్కి తిప్పి చూశాం. వెనక ఏమీ లేదు.

ఆ కాగితం చట్టం లేకుండా వచ్చింది కాదు. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలో 456వ సెక్షన్ ఉంది. కూలేలా ఉన్న కట్టడాన్ని పడగొట్టమనో, మరమ్మతు చేయించమనో ఆదేశించే అధికారం కమిషనర్‌కు ఇచ్చింది అదే. ఏటా వానలకు ముందు ఉద్యోగులు గల్లీలు తిరిగి పాత ఇళ్ళ జాబితా రాస్తారు, గోడలకు కాగితాలు అంటిస్తారు. ఎండలో తిరిగే ఆ చిన్న ఉద్యోగుల్ని మేం తప్పు పట్టం. ఇల్లు కూలుతుందని ముందే చెప్పడం మంచిపనే. మా ప్రశ్న వేరు. చెప్పడంతో బాధ్యత తీరిపోతుందా? నిన్నటిదాకా ఆ గోడ కూలితే సర్కారును అడగడానికి వీలుండేది. ఇవాళ కాగితం అంటింది కాబట్టి రేపు కూలితే తప్పు ఖాలాది. ప్రాణం కాపాడడానికి రాసిన సెక్షన్, ఆఫీసును కాపాడే కాగితంగా మారిపోయింది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ మైకుల ముందు ఇదే మాట వింటున్నాం: "నోటీసు ఇచ్చాం గదా!"

తెలిసి తెలిసి ఆ ఇంట్లో ఎందుకుంటారని అడిగే మిత్రులున్నారు. చదువుకున్నవాళ్ళు, మా మేలు కోరేవాళ్ళే. లక్క గాజుల మీద రాళ్ళు అతికి బతికే మనిషి కొత్త ఇంటి అడ్వాన్సు ఎక్కడ తెస్తుంది? ఆ గుమ్మం దాటితే ఆమెకు మిగిలేది ఫుట్‌పాత్. గోడ కూలడం రేపటి భయం. ఫుట్‌పాత్ ఇవాళ రాత్రి భయం. ఏ మనిషైనా రేపటి భయాన్నే ఎంచుకుంటాడు. దాన్ని మూర్ఖత్వం అనడానికి మనకు హక్కు లేదు.

సర్కారు లెక్కల్లో ఇవన్నీ వేరువేరు ఫైళ్ళు. ఇల్లు లేనివాళ్ళది ఒకటి, శిథిల భవనాలది ఒకటి, అక్రమ అంతస్తులది ఇంకొకటి, అగ్నిమాపకం నాలుగోది. నాలుగు ఫైళ్ళ మధ్య నలిగే మనిషి మాత్రం ఒక్కడే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేల పైచిలుకు అన్నారు. ఆ లెక్కలో ఖాలా ఉండదు. ఆమెకు ఇల్లుంది గదా! లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో రాష్ట్రాలకు చెప్పింది. 2011లో హైదరాబాద్ నగర జనాభా 67 లక్షల పైన. అంటే ఆనాటికే 67 ఆశ్రయాలు కావాలి. పెద్ద దవాఖానాల ముందు రాత్రి పదకొండు తర్వాత ఒకసారి నడిస్తే ఆ లెక్క ఎంతవరకు నెరవేరిందో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంతకీ ఆ ఇళ్ళు అట్లా ఎందుకయ్యాయి? మట్టి, సున్నం, కర్ర దూలాలు. ఏటేటా కాస్త చెయ్యి పడితే నూరేళ్ళు నిలిచే కట్టడాలే. తాత కట్టిన ఇంటికి నలుగురు కొడుకులు, వాళ్ళకు పదిమంది వారసులు. హాలు మధ్యలో పరదాలే గోడలు. ఎవరి వాటా ఎంతో తేలని ఇంటికి సున్నం ఎవరు వేయిస్తారు? అద్దె ఇల్లయితే ఇంకో కథ. పాతకాలపు అద్దె రావడం తప్ప మరేమీ మిగలని యజమాని బాగు చేయించడు, ఇల్లు పడితే కిరాయిదారు పోతాడు, జాగా మిగులుతుందని చూస్తుంటాడు. తనది కాని ఇంటి మీద కిరాయిదారూ పైసా పెట్టడు. చూరు కింద రావి మొక్క మొలుస్తుంది. నాలుగు వానలకు వేరు గోడలోకి దిగుతుంది.

ఊరు ఇంత పెరిగింది, అక్కడే ఎందుకు ఇరుక్కుంటారు అనేది రెండో ప్రశ్న. ఇక్కడే ఇంటి ప్రశ్న మా అస్తిత్వ ప్రశ్న అవుతుంది. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత కలిసి బతికిన బస్తీల నుంచి ఎన్ని కుటుంబాలు మూటలు కట్టుకుని 'మనవాళ్ళ' మధ్యకు చేరాయో ఆ తరంవాళ్ళను అడగండి. భయం కూడా ఒక ఇల్లు వెతుక్కుంటుంది. 'టు లెట్' బోర్డు చూసి ఫోన్ చేస్తాం. తెలుగు శుభ్రంగా మాట్లాడతాం కనక అన్నీ కుదురుతాయి. పేరు చెప్పగానే "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ" అంటారు. బోర్డు మాత్రం నెల రోజులు అక్కడే వేలాడుతుంటుంది. ముస్లిములకు ఇల్లు దొరకడం లేదని, ఒకేచోట గుమికూడక తప్పని స్థితి ఉందని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. జాగా పెరగదు, జనం పెరుగుతారు. రెండంతస్తుల పునాది మీద నాలుగో అంతస్తు లేస్తుంది. కింద గోడౌన్, పైన సంసారం. పైనుంచి చూసేవాళ్ళకు అది 'అక్రమ కట్టడం'. ఆ అక్రమం వెనక ఎంతమంది మూసిన తలుపులున్నాయో ఏ సర్వేలోనూ రాయరు.

ఆ అక్రమాన్ని సర్కారు ఎట్లా చూసింది? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో భవనాల జరిమానా పథకం పెట్టారు. 2015లో తెలంగాణలో క్రమబద్ధీకరణ పథకం పెట్టారు. రుసుం కడితే తప్పు ఒప్పవుతుంది. మా మతంలో కొన్ని తప్పులకు కఫ్ఫారా ఉంది, పరిహారం కట్టాలి. ఆ పరిహారం పేదవాడి కడుపులోకి పోతుంది. ఈ పరిహారం ఖజానాలోకి పోతుంది. చలానా కడితే పునాది గట్టిపడదు, మెట్లు వెడల్పు కావు. ఆ సొమ్ముతో ఎన్ని మెట్లు వెడల్పయ్యాయో ఎవరైనా లెక్క చెప్పారా?

తర్వాతి కథ పేపర్లలో మేమే రాశాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోడౌన్ పైన పడుకున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. వాళ్ళకు అదే పనిచోటు, అదే ఇల్లు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద దాచిన రసాయనాల పీపాలు అంటుకుని పైన ఉన్నవాళ్ళలో ఆ రోజే 9 మంది పోయారు. 2025 మే 18 ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో 8 మంది పిల్లలు. సొరంగంలాంటి ఇరుకు దారి, మీటరు వెడల్పు మెట్లు. అది హిందూ కుటుంబం. ముందుగా షట్టరు బద్దలుకొట్టి పొగలోకి దూరింది చుట్టుపక్కల ముస్లిం యువకులు. మేం ఈ సంగతి గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఇరుకు మెట్లకు మతం లేదని చెప్పడానికి రాస్తున్నాం. ప్రతిసారీ మంత్రులు వచ్చారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. చావుకు రేటు ఉంది. చావు రాకుండా చూడడానికే పద్దు కనపడదు.

ఇప్పుడు మా ఇంటి లోపలి మాట. కూలిన గోడ కింద చనిపోయినవాళ్ళు శహీదులని మా హదీసుల్లో ఉంది. మయ్యత్ ఇంట్లో పెద్దలు ఆ మాట చెప్పి తల్లిని ఓదారుస్తారు. అది తల్లికి కావలసిన మాటే. మేమూ చెప్పాం. కానీ ఆ మాట చనిపోయిన మనిషి దర్జా గురించి చెప్పింది. గోడ కట్టినవాడిని, కట్టనిచ్చినవాడిని, చూసి ఊరుకున్నవాడిని అది మాఫీ చెయ్యలేదు. 'అల్లాహ్ కీ మర్జీ' అనే మాటను బిల్డరు కూడా, కార్పొరేటరు కూడా మాతో కలిసి అంటున్నాడంటే మేం అనుమానపడాలి. ఫురాత్ నది ఒడ్డున ఒక మూగజీవం ఆకలితో చచ్చినా రేపు తననే లెక్క అడుగుతారని హజ్రత్ ఉమర్ వణికేవారని చిన్నప్పుడు నానమ్మలు చెప్పేవారు. పాలకుడి బాధ్యతకు అంతకంటే పెద్ద నిర్వచనం మాకు తెలియదు. ఆ జీవానికి ముందే నోటీసు ఇచ్చానని ఆయన అనుకోలేదు.

మా తప్పులూ రాయాలి. నాలుగో అంతస్తు లేపింది మా బిల్డర్లే. దాన్ని కూల్చడానికి వస్తే అడ్డం నిలబడి, మంట వచ్చిన రోజు అందరికంటే ముందు చేరి కన్నీళ్ళు పెట్టేది మా నాయకులే. గోడౌన్ అద్దె ఎక్కువ వస్తుందని కింద ఏం దాచారో అడగని యజమానుల్లో మా బంధువులూ ఉన్నారు. 'మన ఇలాకాలోకి సర్కారు రాకూడదు' అనడం కొన్నాళ్ళు మాకు ఆత్మగౌరవంలా కనిపించింది. సర్కారు రాని చోట ఫైరింజనూ రాదని ఆలస్యంగా తెలుస్తోంది.

అందరికీ ఇళ్ళివ్వడం ఎక్కడి నుంచి సాధ్యం అంటారు. ఈ ఊరి చరిత్రే జవాబు చెబుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఆ బోర్డు ఇరుకు బస్తీలు తొలగించింది, నాంపల్లి, మల్లేపల్లి లాంటిచోట్ల ఇళ్ళూ కట్టించింది. నిజాం పాలనను మేం నెత్తిన పెట్టుకోవడం లేదు. ఓటు లేని జనానికి నూరేళ్ళ కిందట, అదీ ఊరి నడుమ, సాధ్యమైన పని ఓటున్న జనానికి ఇప్పుడెందుకు కాదని అడుగుతున్నాం. ఇళ్ళు అసలు కట్టలేదని అనం. 2023 జూన్‌లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభించారు. కానీ లాడ్ బజార్‌లో రాళ్ళు అతికే చెయ్యి ఊరి అవతల కొల్లూరులో ఏం అతకాలి? పనికి దూరంగా ఇచ్చిన ఇల్లు సగం ఇల్లే. 2024లో మొదలైన ఇందిరమ్మ పథకం సొంత జాగా ఉన్నవాళ్ళకు 5 లక్షలు ఇస్తానంది. పరదాల మధ్య వాటా ఉన్నవాడు ఏ జాగా కాగితం చూపిస్తాడు?

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్‌డోజర్ల మీద తీర్పు ఇచ్చింది. కనీసం 15 రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చకూడదంది. నిబంధన మీరిన అధికారి సొంత డబ్బుతో నష్టం కట్టాలంది. ఇంటి గోడ వెనక ఉన్నది ఒక కుటుంబమని కోర్టు గుర్తించినందుకు మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ వెంటనే ఒక ఆలోచన వచ్చింది. సర్కారు కూల్చితే జవాబుదారీ ఉంది. సర్కారు చూస్తుండగా దానంతట అది కూలితే? లోపల ఉన్న పిల్లకు ఆ రెండు చప్పుళ్ళ మధ్య తేడా ఏముంటుంది? కూల్చే చేతికి పేరు ఉండాలన్నప్పుడు, కట్టుకున్న చేతులకు కూడా పేరు ఉండాలి.

లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయారు. అది రంజాన్ నెల. సహరీ కోసం మేలుకున్న ముస్లింలు పక్కవాళ్ళ తలుపులు బాది లేపారు. ప్రమాదం ఉందని అక్కడివాళ్ళు ముందే మొత్తుకున్నారు. 2024 సెప్టెంబరులో వచ్చిన విచారణ తుది నివేదిక అన్ని చావులూ తప్పించదగ్గవేనంది. ప్రభుత్వాన్ని, స్థానిక మండలిని, కంపెనీలను పేరు పెట్టి తప్పు పట్టింది. దాంతో న్యాయం జరిగిపోయిందని మేం అనం. ఎవరేం చేశారో చదువుకోవడానికి బాధితుల చేతికి ఒక పుస్తకం వచ్చింది. మన ఊళ్ళో ఏ మంట మీద నివేదిక చనిపోయినవాళ్ళ ఇంటికి చేరిందో పాఠకులు గుర్తు చేసుకోండి.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. ఖాళీ చెయ్యమని రాసే ప్రతి కాగితం మీద, ఎక్కడికి వెళ్ళాలో ఆ చిరునామా కూడా రాయండి. అది నడిచి పనికి వెళ్ళగలిగే దూరంలో ఉండనివ్వండి. బాగు చేస్తే నిలిచే ఇంటికి బాగుచేసే డబ్బు ఇవ్వండి, వారసుల తగాదా తర్వాత తేలుతుంది. తనిఖీ చేసిన అధికారి పేరు గోడ మీద ఉండాలి. ప్రతి ప్రమాదం మీద నివేదిక తెలుగులో, ఉర్దూలో అచ్చవ్వాలి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. చావు గురించి చెప్పే కాగితమైనా ఆ భాషలో రాకపోతే ఆ హోదా ఎందుకు?

రెండు వారాల తర్వాత మళ్ళీ ఆ గల్లీకి వెళ్ళాం. ఖాలా అక్కడే ఉంది. వాన పడినప్పుడల్లా పిల్లల్ని గోడ వైపు పడుకోనివ్వడం లేదట. నోటీసు ఏం చేశావని అడిగాం. పెట్టెలో, రేషన్ కార్డు పక్కన భద్రంగా పెట్టింది. చింపెయ్యకుండా ఎందుకు దాచావంటే మమ్మల్ని అమాయకుల్ని చూసినట్టు చూసింది. ఇంటి పన్ను రసీదు యజమాని పేరు మీద. కరెంటు మీటరు చనిపోయిన మామ పేరు మీద. ఆ ఇంట్లో ఆమె బతుకుతోందని సర్కారు ఆమె పేరు మీద రాసిచ్చిన కాగితం అదొక్కటేనట.