తెలియని పాపం

నేలలోకి బోరు దించి, మట్టి తీసి, అందులో విషపదార్థాలేమైనా ఉన్నాయేమో ల్యాబులో తేల్పించడం నా వృత్తి. ఇళ్ళ వెంచర్లు వేసేవాళ్ళ నోట తరచూ వినే మాట ఒకటుంది: "అంత లోతుకెందుకు సార్, తెలియకపోతేనే హాయి." వ్యాపారంలో ఆ మాటకు అర్థముంది. తెలిస్తే శుభ్రం చేయించాలి, కొనేవాళ్ళకు చెప్పాలి. తెలియకపోతే రెండూ తప్పుతాయి. ధర్మం లెక్కలోనూ అంతేనా? తెలుసుకునే వీలుండీ తెలుసుకోనివాడికి పాపం అంటదా?

మన వాస్తు గ్రంథాలు ఈ విషయంలో పట్టుదల గలవి. స్థలంలో మూరెడు గొయ్యి తవ్వి ఆ మట్టితోనే పూడ్చమంటాడు వరాహమిహిరుడు బృహత్సంహితలో. మట్టి మిగిలితే మంచి నేల, చాలకపోతే చెడ్డది. రంగు, వాసన, రుచి చూడమన్నారు. లోపల ఎముకలు, బొగ్గులు ఉంటే తీసేశాకే ఇల్లు కట్టమన్నారు. వాళ్ళు చెప్పిన ఫలాలన్నీ నేను నమ్మను. మట్టి రుచి చూడమని అసలే చెప్పను. కానీ నేలను అడగందే ఇల్లు కట్టొద్దన్న నియమం నాకు శిరోధార్యం. ఆ శాస్త్రంలోంచి ఇప్పుడు మనకు మిగిలినవి ఈశాన్యం మూల, తూర్పు గుమ్మం. ఫ్లాటు ఏ ముఖమో అందరూ అడుగుతారు. ఆ నేల మీద ఇదివరకు ఏముండేదని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు.

పటాన్‌చెరు వైపు ఒక స్థలంలో కాగితాలన్నీ వ్యవసాయ భూమి అనే చెప్పాయి. గొర్రెలు కాసే ఒక తాత మాత్రం ఓ మూలకు చెయ్యి చూపి, "ఆడ డ్రమ్ములు కడుగుతుండె సారూ, నేనైతే గొర్లను అటు తోల" అన్నాడు. మేం గీసుకున్న గళ్ళలో ఆ మూలకు బోరే లేదు. వేశాం. మట్టి నల్లగా, పెయింట్ థిన్నర్ వాసనతో వచ్చింది.

నిజం కాగితం మీద ఉన్నా ఒక్కోసారి చాలదు. అమెరికాలోని నయాగరా ఫాల్స్ ఊళ్ళో, లవ్ కెనాల్ అనే కాలువలో హుకర్ కెమికల్ కంపెనీ దాదాపు 20 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ నేలను స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు ఇచ్చేసింది. లోపల రసాయనాలున్నాయనీ, ఏం జరిగినా తమకు పూచీ లేదనీ దస్తావేజులోనే రాసుకుంది. అక్కడ బడి వచ్చింది, పక్కనే ఇళ్ళు లేచాయి. 1978లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించాల్సి వచ్చింది. ఇచ్చినవాళ్ళకు తెలుసు, పుచ్చుకున్నవాళ్ళకు తెలుసు. ఆ సంగతి కాపురం ఉండేవాళ్ళ గడప దాకా రాలేదు. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. అక్కడ ఫ్యాక్టరీ ఉందని ఊరందరికీ తెలుసు. ఆ ఆవిరి గాలికంటే బరువైనదనీ, నేలబారున పాకుతుందనీ వాళ్ళకు చెప్పిందెవరు?

మహాభారతంలో మాండవ్యుడు తనను శూలానికి ఎందుకెక్కించారని యముణ్ణి నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగులకు పుల్లలు గుచ్చిన ఫలమంటాడు యముడు. పసితనంలో తెలియక చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడి, పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కాదని హద్దు గీస్తాడు. ఆ హద్దుకు రెండో వైపు కూడా ఉందని నా నమ్మకం. పసివాడికి తెలుసుకునే దారి లేదు. పెద్దవాడికి బోరు మిషను ఉంది, ల్యాబు ఉంది, గొర్రెల తాత ఉన్నాడు. ఇవన్నీ పెట్టుకుని "నాకు తెలియదు" అనేవాడు ఆ తెలియకపోవడాన్ని కోరి తెచ్చుకున్నవాడే.

ఎన్ని బోర్లు వేసినా నేలంతా తెలియదన్నదీ నిజమే. రెండు బోర్ల నడుమ ఉన్నది అంచనాయే. అందుకే ఎక్కడ వెదికామో, ఎక్కడ వెదకలేదో రెండూ రిపోర్టులో రాస్తాను. శక్తికి మించింది ధర్మం అడగదు. శక్తి ఉన్నంత మేర మాత్రం వదిలిపెట్టదు.

మట్టిలో సీసం ఉంటే, కడుపులోకి పోయినదాంట్లో పెద్దల ఒంట్లో ఇంకేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంట్లో ఇంకుతుంది. మాండవ్యుడు పిల్లలకిచ్చిన మినహాయింపు విషం ఇవ్వదు. కాబట్టి వాళ్ళ తరఫున తెలుసుకునే పూచీ పెద్దలదే: ముందు అమ్మేవాడిది, ఆ వెంటనే నాది.