జమ ఎవరి ఖాతాకు?

బి.కాం. మొదటి సంవత్సరంలో మా అకౌంటెన్సీ పుస్తకం మొదటి పాఠంలోనే ఒక పేరు ఉండేది. లూకా పాసియోలి అని మా లెక్చరర్‌గారు పలికేవారు. ఇటలీవాళ్లు పచోలీ అంటారట. జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గణితగ్రంథంలో వివరించిన క్రైస్తవ సన్యాసి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆయన దాన్ని కనిపెట్టలేదని, అప్పటికే వందేళ్లకు పైగా ఇటలీ వర్తకుల వాడుకలో ఉన్న పద్ధతిని పుస్తకానికి ఎక్కించాడని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. వర్తకుడు లెక్క మొదలుపెట్టే ముందు దైవనామం రాసి శిలువ గుర్తు వేసుకోవాలని కూడా ఆయన చెప్పాడు. మన శెట్టిగార్లు కొత్త ఖాతా పుస్తకానికి పసుపు పూసి ‘శ్రీ’ చుట్టినట్టే అన్నమాట.

అక్కడే నాకు ఒక సందేహం పుట్టింది. వడ్డీ తీసుకోవడం మహాపాపమని వాళ్ల మతం చెప్పేది. అప్పు ఇచ్చిన అసలు మీద ఒక్క కాసు ఎక్కువ పుచ్చుకున్నా పాపమే. మరి ఆ దేశంలోనే, ఆ కాలంలోనే, యూరప్‌లోకెల్లా పెద్ద బ్యాంకు ఎలా నడిచింది? దాన్ని నడిపినవాడు రాత్రిళ్లు ఎలా నిద్రపోయాడు? ముప్పై ఏళ్లుగా వడ్డీ లెక్కలమీద జీతం తింటున్న నాకు ఈ ప్రశ్న ఉబుసుపోకకు వేసుకున్నది కాదు.

ఆ బ్యాంకు మెడిచి కుటుంబానిది. జొవాన్ని డి బిచ్చి అనే ఆయన 1397లో రోమునుంచి ఫ్లోరెన్సుకు వచ్చి మొదలుపెట్టాడు. తరువాత ఆయన కొడుకు కోసిమో కాలంలో జెనీవా, బ్రూజ్, లండన్, మిలాన్ దాకా శాఖలు వెలిశాయి. మొదటి పాతికేళ్ల లాభంలో సగానికి పైగా ఒక్క రోము శాఖనుంచే వచ్చింది. అంటే పోపుగారి ఆస్థానం చుట్టూ తిరిగే డబ్బు మీద వచ్చిందన్నమాట. వడ్డీని నిషేధించిన గడపలోనే పెద్ద ఖాతాదారు.

వాళ్లు వడ్డీ అనే మాట రాసేవాళ్లు కాదు. ఫ్లోరెన్సులో ఒక వర్తకుడికి ఫ్లోరిన్‌లు ఇచ్చి, లండన్‌లో మూడు నెలలకు స్టెర్లింగ్‌లో చెల్లేటట్టు హుండీ రాయించుకునేవారు. ఆ సొమ్మును మళ్లీ ఇంకో హుండీతో ఫ్లోరెన్సుకు తెచ్చుకునేవారు. ఆరు నెలలు గడిచేసరికి మారకం రేట్ల తేడావల్ల ఇచ్చినదానికన్నా ఎక్కువే చేతికి వచ్చేది. రేటు తిరగబడితే నష్టమూ రావచ్చు కాబట్టి ఇది అప్పు కాదు, మారకం అన్నారు. అలాగే బ్యాంకులో డబ్బు దాచుకున్న మతాధికారులకు ఏటా ‘మా ఇష్టపూర్వకంగా ఇచ్చిన కానుక’ అని కొంత ముట్టేది. మేం దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ అంటాం.

దీన్నంతా మోసం అని కొట్టిపారేయను. పేరు మార్చుకున్నా పని అవసరమైనదే. అయితే ఒక తేడా గమనించాలి. ఇంట్లో గిన్నెలో కోటో తెచ్చి కుదువ పెట్టే బీదవాడికి అప్పిచ్చేవాణ్ణి మాత్రం బాహాటపు వడ్డీగాడని వెలివేసేవారు. 1437లో ఫ్లోరెన్సు ప్రభుత్వం ఆ చిన్న తాకట్టు వ్యాపారాన్ని యూదులకు అప్పగించి, పాపపు పేరునూ వాళ్లకే అంటగట్టింది. రాజులకూ మతాధికారులకూ అప్పిచ్చినవాడు పెద్దమనిషిగానే ఉండిపోయాడు.

అయినా కోసిమోకు మనశ్శాంతి లేదు. ఆయన్ను దగ్గరగా ఎరిగిన వెస్పాసియానో అనే పుస్తకాల వ్యాపారి ఆయన జీవితచరిత్ర రాశాడు. తన సంపదలో కొంత సక్రమంగా వచ్చింది కాదన్న బెంగ కోసిమోను పీడించేదనీ, ఆ రోజుల్లో ఫ్లోరెన్సులోనే ఉంటున్న పోప్ నాలుగో యూజీనియస్‌తో ఆ మాట చెప్పుకున్నాడనీ అందులో ఉంది. సాన్ మార్కో మఠానికి పదివేల ఫ్లోరిన్‌లు ఖర్చు పెట్టమన్నాడట పోపు. కోసిమో నలభైవేలు దాటించాడు. మికెలోజో అనే వాస్తుశిల్పి 1437నుంచి మఠాన్ని తిరిగి కట్టాడు. సన్యాసుల గదుల గోడలమీద ఫ్రా ఆంజెలికో వేసిన చిత్రాలు ఇవాళ్టికీ లోకమంతా వెళ్లి చూస్తోంది. కోసిమో తనకోసం కూడా అక్కడ గది ఉంచుకున్నాడు. పుస్తకాల పిచ్చితో అప్పులపాలై 1437లో పోయిన నికొలో నికొలి అనే పండితుడి బాకీలు తీర్చి, ఆయన పోగుచేసిన పుస్తకాలు సుమారు నాలుగు వందలు ఆ మఠంలో పెట్టించాడు. 1444 నాటికి గ్రంథాలయం సిద్ధమైంది. చదువుకున్నవాడెవడైనా వెళ్లి చదువుకోవచ్చు.

ఎంత ఇచ్చినా దేవుణ్ణి తన పుస్తకాల్లో బాకీదారుగా రాసుకోగల రోజు రాలేదని కోసిమో అనేవాడని చెబుతారు. భక్తుడి మాటే. కానీ బ్యాంకువాణ్ణి కాబట్టి నాకు ఇంకో సంగతి తట్టింది. బాకీ దేవుడికేనా?

వాళ్ల మతశాస్త్రమే ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. అక్రమంగా తీసుకున్న సొమ్మును ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్లకే తిరిగి ఇవ్వాలి. వాళ్లు లేకపోతే వారసులకు ఇవ్వాలి. ఎవరిదో తేలని సొమ్ము మిగిలితే, అది మాత్రమే బీదలకో ధర్మకార్యాలకో పోవచ్చు. అంటే దానం రెండో దారి. మనిషి దొరకనప్పుడు పట్టవలసిన దారి.

కోసిమో దగ్గర మనుషులు తేలకపోవడమనేది ఎలా కుదురుతుంది? యూరప్‌లో అంతకన్నా చక్కని లెక్కల పుస్తకాలు ఉన్నవాడు లేడు. ఆ బ్యాంకు రహస్య ఆవర్జాలు మూడు 1950లో ఫ్లోరెన్సు దస్తావేజుల్లో దొరికాయి. ఐదువందల ఏళ్ల తరువాత కూడా ఎవరి పెట్టుబడి ఎంత, ఏ శాఖ లాభం ఎంత అని చదువుకోగలిగేటట్టు ఉన్నాయి. అలాంటివాడు ఎవరికి బాకీ పడ్డానో తెలియదనడం నమ్మశక్యం కాదు.

హుండీల సంగతి వదిలేద్దాం. అక్కడ అప్పు తీసుకున్నవాడూ లాభపడే ఉంటాడు. నా మనసులో మెదిలే పేరు పల్లా స్త్రోజి. 1427 పన్ను లెక్కల్లో ఫ్లోరెన్సులో అందరికన్నా ధనవంతుడు, గ్రీకు చదువుకు పోషకుడు. నగరంలో అందరికీ అందుబాటులో ఉండే గ్రంథాలయం ఒకటి సాంతా త్రినీతా చర్చిలో పెట్టించాలని మొదట తలపెట్టినవాడు ఆయనే. 1433లో కోసిమోను ప్రత్యర్థులు ప్రవాసానికి పంపారు. 1434లో కోసిమో తిరిగి రాగానే ఆ ప్రత్యర్థుల వంతు వచ్చింది. పగలూ ప్రతీకారాలూ పెద్దగా ఎరగని పల్లాను కూడా, 62 ఏళ్ల వయసులో, పదేళ్ల ప్రవాసానికి పంపేశారు. పదేళ్లు నిండే వేళకు శిక్ష పొడిగించారు. మళ్లీ పొడిగించారు. ఆయన పాదువా నగరంలో గ్రీకు గ్రంథాలు చదువుకుంటూ 1462లో, తొంభయ్యో ఏట, ఇంటి ముఖం చూడకుండానే కన్నుమూశాడు. కోసిమో ఆ తరువాత రెండేళ్లు బతికాడు.

గ్రంథాలయం కట్టాలనుకున్నవాడు పరాయి ఊళ్లో ఉన్నాడు. వాణ్ణి రానివ్వనివాడు గ్రంథాలయం కట్టాడు. పల్లాకు ఇవ్వవలసిన దానికి నలభైవేల ఫ్లోరిన్‌లు అక్కర్లేదు. ఒక్క ఉత్తరం చాలు. పేరు తెలుసు, ఊరు తెలుసు. మన పెద్దలు ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అంటారు. మా నాయనమ్మ ఆ సామెత చెప్పినప్పుడల్లా చెప్పులు పుచ్చుకున్నవాడి గురించి నవ్వుకునేవాళ్లం. ఆవు ఎవరిదని ఆమె అడిగేది.

దానం చేసేవాడికి ఒక సౌకర్యం ఉంది. ఎవరికి ఇవ్వాలో తానే ఎంచుకుంటాడు. పుచ్చుకున్నవాడు దీవిస్తాడు, గోడమీద పేరు చెక్కిస్తాడు. బాకీ తీర్చేవాడికి ఆ సౌకర్యం లేదు. అవతలివాడు డబ్బు లెక్కపెట్టుకుని, ఇన్నాళ్లు ఎందుకు ఇవ్వలేదని అడుగుతాడు. తప్పు ఒప్పుకోవలసి వస్తుంది. అందుకే మనలో చాలామంది లోకానికంతా ఇవ్వడానికి సిద్ధపడతాం, ఇవ్వవలసిన ఆ ఒక్కడికి తప్ప.

ఇలా అంటున్నానని సాన్ మార్కో గ్రంథాలయం గొప్పది కాదని కాదు. దానిలో చదువుకున్నవాళ్లకు కలిగిన మేలు మేలే. అది దాని ఖాతాలో నికరంగా జమ పడింది. ఒకరి ఖాతాలో ఖర్చు ఉండగా ఇంకొకరి ఖాతాకు జమ రాస్తే అంకణా సరిపోతుంది, బాకీ తీరదు. ఈ ముక్క గుమాస్తా ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పుతారు.

ఇక నా సంగతి. చెప్పకుండా ముగిస్తే పైన రాసినదంతా పరాయివాడి మీద తీర్పు అవుతుంది.

1998లో తమిళనాట, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఒక చిన్న ఊరి శాఖలో నేను నగల అప్పులు చూసేవాణ్ణి. పూలమ్ముకునే ఒక అవ్వ రెండు గాజులు కుదువ పెట్టి ఆరువేలు తీసుకుంది. గడువు దాటింది. నోటీసు రిజిస్టరు పోస్టులో పంపితే, ఆ చిరునామాలో లేరని తిరిగి వచ్చింది. ఇల్లు అమ్ముడుపోయిందనీ, అవ్వ బస్టాండులో గంప పెట్టుకుని కూర్చుంటోందనీ మా అటెండరు చెప్పాడు. నాకూ తెలుసు. రోజూ ఆ బస్టాండులోనే దిగేవాణ్ణి. ఒకటి రెండుసార్లు మా ఇంటికి మూర మల్లెపూలు కూడా ఆమె దగ్గరే కొన్నాను. కానీ నిబంధనలో చిరునామాకు పంపాలని ఉంది, వెళ్లి చెప్పాలని లేదు. వేలం జరిగింది. అసలు, వడ్డీ, ఖర్చులు పోను పదకొండు వందల చిల్లర మిగిలితే సండ్రీ డిపాజిట్‌లో ఆమె పేరుమీద వేశాను. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.

ఆ తరువాత ప్రతి శ్రీరామనవమికీ మా ఊరి గుడిలో అన్నదానానికి కొంత ఇస్తూ వచ్చాను. ఎందుకిస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా సరిగా చెప్పుకోలేదు.

కోసిమో కథ చదివిన తరువాత ఆ అన్నదానం రసీదులు చూస్తే సిగ్గేసింది. పదేళ్లు దాటినా ఎవరూ అడగని సొమ్మును బ్యాంకులు రిజర్వుబ్యాంకు నిధికి బదిలీ చేయాలని 2014లో నియమం వచ్చింది. అయితే సొమ్ము నిధికి పోయినా పేరు పోదు. మనిషో వారసులో వస్తే ఎప్పుడైనా ఇవ్వవలసిందే. మనం నిర్జీవమనుకునే నిబంధనల పుస్తకానికి ఉన్న ఆ పాటి జ్ఞాపకం నాకు లేకపోయింది.

సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. కూతురు అదే బస్టాండులో పూలు కడుతోంది. ఎవరినని చెప్పాను. జరిగింది చెప్పాను. కాగితాలు పెట్టించి, ఆ మిగులు సొమ్ము ఆమెకు వచ్చేటట్టు చేశాను. ఆమె తిట్టలేదు. దీవించనూ లేదు.

“మా అమ్మ ఈడనే కూర్చునేది కదా సార్. మీరు చూస్తానే ఉంటిరి కదా” అంది.

అవునమ్మా, చూస్తూనే ఉన్నాను అన్నాను. అంతకన్నా జవాబు లేదు. గాజులు తిరిగి రావు. ఆ సొమ్ము కూడా ఆమెకు న్యాయంగా రావలసిందే కాని నేను ఇచ్చింది కాదు. అయినా ఆ మాట ఆమె ముందు నిలబడి ఒప్పుకోవడం పాతికేళ్ల అన్నదానంలో నేను చేయని పని.

కోసిమో పాదువాకు ఆ ఉత్తరం రాసి ఉంటే చరిత్ర మారేదని నేననను. తొంభై ఏళ్ల ముసలివాడు ఒకడు సొంత ఊళ్లో కన్నుమూసేవాడు, అంతే. ఆ ‘అంతే’కు గోడమీద చిత్రాలు ఉండవు.

అన్నదానానికి ఈ ఏడు కూడా ఇచ్చాను. ఆకలిగొన్నవాళ్లు తింటారు, అది చాలు. అవ్వ లెక్కలో మాత్రం దాన్ని ఇక కలపడంలేదు.