నడుమ తిరిగే చక్రం

‘అంతా ఆయన దయ, నేను నిమిత్తమాత్రుణ్ణి’ అనే మాట మన నోట తరచూ వస్తుంది. పని బాగా జరిగినప్పుడు అది వినయం. పని చెడినప్పుడు అదే మాట చేతులు దులుపుకోవడానికి పనికొస్తుంది. గీత పదకొండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ణి లేచి యుద్ధం చెయ్యమంటూ, ఆ ఊపులోనే నిమిత్తమాత్రుడివి కమ్మన్నాడు. అంటే బాధ్యత పోలేదు. పాత రికార్డు ప్లేయరు విప్పి చూస్తే ఈ సంగతి చేతికి తగులుతుంది.

ఇంగ్లండులోని స్విండన్‌లో తయారై 1954లో మార్కెట్లోకి వచ్చిన గరార్డ్ 301 వంటి ప్లేయర్లలో బెల్టు ఉండదు. మోటారు కడ్డీకి మెట్లు మెట్లుగా కోసిన చిన్న పుల్లీ ఉంటుంది. రికార్డు పెట్టే బరువైన పళ్లెం వేరు. ఈ రెంటి నడుమ, అంచుకు రబ్బరు తొడిగిన బుల్లి చక్రం ఒకటి తిరుగుతుంది. దాన్ని ఐడ్లర్ చక్రం అంటారు. ఒకవైపు పుల్లీని, మరోవైపు పళ్లెం లోపలి అంచును తాకుతూ వేగాన్ని ఇటునుంచి అటు అందిస్తుంది. అది అరిగి సైజు కాస్త తగ్గితే పాట వేగం మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు. పుల్లీ అంచు ఎంత వేగంతో కదిలితే పళ్లెం అంచూ అంతే వేగంతో కదులుతుంది. నిమిషానికి 33⅓ చుట్లా, 78 చుట్లా అన్నది పుల్లీ మెట్టూ పళ్లెం చుట్టుకొలతా తేలుస్తాయి. నడిమి చక్రం పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోకే రాదు. ఇంతకన్నా నిమిత్తమాత్రంగా ఉండే వస్తువును నేను చూడలేదు.

దాని లోపం మాత్రం లెక్కలోకి వస్తుంది. ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడితే మోటారు అదురంతా పళ్లెంలోకి, అక్కణ్ణుంచి సూదిలోకి ఎక్కి పాట వెనక గురగురమంటుంది. నూనె అంటితే పట్టు జారి రాగం సాగుతుంది. ఒకచోట నొక్కు పడిందా, పళ్లెం ఒక చుట్టు తిరిగేలోపు చక్రం ఎన్నో చుట్లు తిరుగుతుంది కనుక, దుబ్బు దుబ్బుమని ఆగకుండా వినిపిస్తుంది. ఘంటసాల చివరి సంవత్సరాల్లో పాడిన భగవద్గీత ఎల్పీని అటువంటి ప్లేయరు మీద విన్నాను. శ్లోకం అదే, ఆ గొంతు అదే. ప్రతి దీర్ఘం కిందా ఆ దెబ్బ. పాడినవారిలో లోపం లేదు, మోటారులో లేదు, రికార్డులో లేదు.

అన్నదానంలోనూ ఇంతే. బియ్యం ఒకరివి, వంట మరొకరిది. గరిటె పట్టినవాడు మధ్యవాడే. వాడు విసుక్కుంటూ విస్తట్లో విసిరితే తినేవాడికి ముందు అందేది ఆ విసుగు.

నొక్కు ఎలా పడుతుందో కూడా తెలుసుకోదగ్గదే. తిరుగుతున్న చక్రం చుట్టూ సమానంగా అరుగుతుంది. మోటారు ఆగాక కూడా పుల్లీకి అదుముకుని ఉండిపోతే ఒకేచోట ఒత్తిడి పడి రబ్బరు కుంగుతుంది. అందుకే మీట ఆఫ్ చేయగానే చక్రం పక్కకు తొలిగేలా అమర్చారు. పని ముగిశాక కూడా పెత్తనం వదలని మనసుకు ఇదే గతి పడుతుందని నా నమ్మకం. సేవ చేసినన్నాళ్లూ గుండ్రంగా ఉన్నవాళ్లు, దిగాల్సిన రోజున దిగక కుంగిపోవడం మన గుళ్లలో, సంఘాల్లో ఎన్నిసార్లు చూడలేదు!

బాగుచేసే పద్ధతిలో ఆర్భాటం లేదు. పళ్లెం ఎత్తి, క్లిప్పు ఊడదీసి చక్రాన్ని బయటికి తీయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రబ్బరునూ, పుల్లీనీ, పళ్లెం లోపలి అంచునూ తుడవాలి. రబ్బరు మీద అద్దంలా నున్నబడ్డ పొరను సన్నటి గరుకు కాగితంతో, చక్రాన్ని తిప్పుతూ, చుట్టూ ఒకేలా తీయాలి. ఆగి ఒక్కచోటే రుద్దితే మరో నొక్కు తయారవుతుంది. నున్నదనం కూడా జబ్బే ఇక్కడ. పట్టు లేని నున్నదనం, పెదవుల మీద జారిపోయే నిత్యజపం లాంటిది. ఇరుసుకు ఒక్క చుక్క పలచటి నూనె చాలు, అది రబ్బరుకు అంటకూడదు. నొక్కు లోతుగా ఉంటే కొత్త రబ్బరు వేయించి లేత్ మీద గుండ్రంగా తీయించాల్సిందే.

మీ ఇంట్లో ఇటువంటి ప్లేయరు ఉంటే, పాట మధ్యలో కరెంటు పోయినప్పుడు మీట ఆఫ్ చేయడం మరవకండి. ఇంకొక్క విన్నపం. ఘంటసాల గీతను మన ఊళ్లలో చావింటి పాటగా మార్చేశాం. బతికున్న అర్జునుడికి, చేయవలసిన పని ముందున్నదని చెప్పిన మాటలవి. ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్న ఒక ఉదయం ఆ రికార్డు పెట్టుకుని వినండి.